అరవై రెండు మీద ఒక్క రూపాయి

పదిహేనేళ్లు ఒక అంకెను నోటితో పలకకుండా బతికాను. అరవై రెండు. నేను కుట్టే జాకెట్ల కొలతల్లో అంత పెద్ద అంకె రాదు, అదొక అదృష్టం. కూరగాయల బండి దగ్గర లెక్క అక్కడికే వచ్చి ఆగితే ఒక నిమ్మకాయ ఎక్కువ తీసుకుని అంకె మార్చేసేదాన్ని. ఇన్ని నిమ్మకాయలెందుకని మా ఆయన ఒకసారి అడిగాడు. నవ్వి ఊరుకున్నాను.

ఎందుకు దాచానో నాకు తెలుసు. ఎలా చెప్పాలో మాత్రం ఇప్పటికీ సరిగ్గా తెలియదు. మీరు నన్ను ఎరుగరు, నేను మిమ్మల్ని ఎరుగను. అందుకే మీ ముందు కొంచెం సులువు. నా పేరు రాయను. ఇప్పుడు వనపర్తిలో కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతున్నాను. అప్పట్లో మాది లింగాల దగ్గర ఒక ఊరు. అంతవరకు చాలు.

మా ఊరి రోడ్డుకు రెండు పక్కలా పంచాయతీ చింతచెట్లు ఉన్నాయి. నలభైకి పైనే. ఏటా చలికాలంలో, కాయ పండకముందే, ఆ ఏటి కాపును పంచాయతీ ఆఫీసులో వేలం వేస్తారు. మా దగ్గర వేలాన్ని పాట అంటారు. ఎక్కువ ధర పాడినవాళ్లు కాయ దులుపుకుని అమ్ముకోవచ్చు. ఏటా ఆ పాట బుచ్చయ్యదే. ఊళ్లో కిరాణా కొట్టు ఆయనది, ట్రాక్టరు ఆయనది. ఇంకో నలుగురైదుగురు మగవాళ్లు పాడటానికి వచ్చేవారు కానీ, ఆయన ముఖం చూసి మొదలుపెట్టేవారు, ఆయన ముఖం చూసి ఆపేవారు. ఆ తరువాతి పని ఆడవాళ్లది. రాలిన కాయ ఏరి, పెంకు తీసి, గింజ కొట్టి, పండు ఆరబెట్టేవాళ్లం. రోజుకూలి. సాయంత్రానికి వేళ్ల కొసలు పులుపుకు చిట్లిపోయి, ఇంటికెళ్లి అన్నంలో చెయ్యి పెడితే భగ్గుమనేది.

మా మహిళా సంఘంలో పన్నెండు మందిమి. ఒక రోజు గింజలు కొడుతూ మణెమ్మ అంది: "చెట్టు పంచాయతీది, చెయ్యి మనది. నడుమ ఈయన ఎందుకే?"

అందరం నవ్వాం. ఇంటికి పోతూ ఆలోచిస్తే ఎవరికీ నవ్వు రాలేదు.

మణెమ్మ నాకంటే పదేళ్లు పెద్దది. మొగుడు చనిపోయాక మరిదితో, అతని భార్య అయిన యారాలితో ఒకే ఇంట్లో ఉండేది. చదువు లేదు, వేలిముద్రే. సంఘానికి పెద్ద ఆమె. పదో తరగతి చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి లెక్కల పుస్తకం నా దగ్గర ఉండేది. మేమే చింతల పాట పాడాలని అనుకున్నప్పుడు, చదువుకున్నదానివి నువ్వే పాడాలన్నారు అందరూ. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. గర్వంగా ఉండింది. దాచడం ఎందుకు, చాలా గర్వంగా ఉండింది.

యాభై వేలు దాటొద్దని అనుకుని వెళ్లాం. పంచాయతీ ఆఫీసులో బెంచీల మీదంతా మగవాళ్లే. మేం గోడకు నిలబడ్డాం. నేను పలికిన ప్రతి అంకెకూ ఎవరో ఒకరు 'అబ్బో' అనేవారు. నలభై ఎనిమిది దగ్గర బుచ్చయ్య అల్లుడు వెనక్కి తిరిగి, "ఆడామెకు బుగులైతున్నది, ఇగ చాలు తియ్" అన్నాడు. నాకు భయమట. అంతే. యాభై ఎప్పుడు దాటానో నాకు గుర్తు లేదు. మణెమ్మ నా కొంగు పట్టుకుని లాగడం గుర్తుంది. ఆ చెయ్యి నేను విదిలించడం గుర్తుంది. ఎనభై ఒకటి దగ్గర వాళ్లందరూ ఒక్కసారిగా ఆగిపోయారు. కార్యదర్శి మూడోసారి అన్నాడు. మగవాళ్లు చప్పట్లు కొట్టారు. గెలిచానని నేనూ నవ్వాను. ఆ చప్పట్లు దేనికో అర్థం కావడానికి బయటి మెట్ల దాకా నడవాల్సి వచ్చింది.

పైగా ఆ ఏడు కాపు తక్కువ. చింత ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు పలుచగా కాస్తుందని పండు ఏరే ఏ ఆడమనిషికైనా తెలుసు. నాకూ తెలుసు. ఆ గదిలో మాత్రం గుర్తు రాలేదు. పన్నెండు మందిమీ రెండు నెలలు కూలి లేకుండా పనిచేశాం. అయినా సంఘంలో దాచుకున్నదంతా పోయింది. నన్ను ఎవరూ తిట్టలేదు. "పోనీ చెల్లె, ఇట్లనే నేర్సుకుంటరు" అంది మణెమ్మ. తిట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఊరు ఊరుకోలేదు. "ఆడోళ్లను ఉబ్బిస్తె ఉబ్బుతరు, పాట వాళ్లతోటి కాదు" అని హోటల్ దగ్గర, బోరింగు దగ్గర, ఎక్కడ విన్నా అదే మాట. నేను కనబడితే ఎవరో ఒకరు 'ఎనభై ఒకటి' అని గొణిగేవారు. ఆ ఏడాదంతా నా పేరు అదే. నేను బయటికి రావడం తగ్గించాను. సంఘం మీటింగులో పుస్తకం రాసి, తల ఎత్తకుండా ఇంటికి వచ్చేసేదాన్ని.

మణెమ్మ మాత్రం బయటికి వెళ్లడం మొదలుపెట్టింది. చేపల చెరువు పాట, సంత పాట, పక్క ఊళ్లలో చింతల పాట, ఎక్కడ చాటింపు వేస్తే అక్కడికి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడేది. ఏం పనమ్మా అని అడిగితే మా మరిది కోసం చూస్తున్నా అనేది. మరిది బుచ్చయ్య ట్రాక్టరు నడిపేవాడు కాబట్టి ఎవరూ ఇంకో మాట అడిగేవారు కాదు. తిరిగి వచ్చి నా దగ్గర కూర్చుని చూసినదంతా చెప్పేది. నేను పుస్తకం వెనక పేజీల్లో రాసేదాన్ని. బుచ్చయ్య తన ఆఖరి ధరకు దగ్గరైతే భుజం మీది తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకుంటాడు. అల్లుడు గబగబా పెంచుతున్నాడంటే కొనడానికి కాదు, ఎదుటివాళ్లను ఎగదోయడానికి. మొదట్లోనే నోరు తెరిచినవాళ్లకు కోపం కూడా ముందే వస్తుంది. వాన వెనకబడ్డాక ఆమె ఒక్కో చెట్టు కింద నిలబడి పిందెల గుత్తులు చూసుకుంటూ వచ్చింది. ఇరవై ఏళ్లు ఆ చెట్ల కింద వంగి ఏరిన మనిషి. ఏ చెట్టు ఎన్ని గంపలు ఇస్తుందో చెబుతుంటే నేను రాశాను.

ఒక రోజు ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది. అంతకు రెండేళ్ల ముందు బుచ్చయ్య చేపల చెరువు ఎక్కువకు పాడి నిండా మునిగాడట. అది చెప్పి, "ఆయన పోగొట్టుకుంటె కాలం మంచిగ లేదన్నరు. మనం పోగొట్టుకుంటె ఆడోళ్లన్నరు. గింతే ఫరక్ చెల్లె" అంది.

నేను తల ఊపాను. రాస్తూనే ఉన్నాను. కానీ నాలో అప్పటికే ఏదో తేడా చేసింది. ఆమె చెప్పే ప్రతిదీ నేనూ చూసిందే. ఆ తువ్వాల నేనూ చూశాను. ఆ గదిలో నా కళ్లూ తెరిచే ఉన్నాయి. చదువు రాని మనిషి ఒక ఏడాది గోడకు నిలబడి నేర్చుకున్నది, మధ్యలో నిలబడి పాడిన నేను ఎందుకు నేర్చుకోలేకపోయాను? సిగ్గుతో ఇంట్లో కూర్చున్నాను కాబట్టి. అది ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలిసింది ఒక్కటే. ఆమె నేర్చుకున్న కొద్దీ నేను చిన్నగా అయిపోతున్నాను.

రెండో ఏడు పాట మణెమ్మ పాడాలని అందరూ అన్నారు. నేనూ అన్నాను. అనుకున్న అంకె మీద ఒక్క రూపాయి కూడా పాడొద్దని ఆమె తనకు తానే కట్టుబాటు పెట్టుకుని, అందరి ముందూ ఒట్టు వేసింది. ఆ కట్టుబాటు ఎందుకు వచ్చిందో అందరికీ తెలుసు. ఎవరూ నా వైపు చూడలేదు. చూడకపోవడమే చూసినట్టు అనిపించింది. అంకె మాత్రం పాట అయ్యేదాకా మా ఇద్దరి మధ్యే ఉండాలంది. పన్నెండు మంది నోళ్లలో ఉంటే ఊరంతా ఉన్నట్టే అని మిగతావాళ్లు కూడా సరేనన్నారు. ఆ ఏడు కాపు ఎక్కువ. మా కూలి పోను, మనిషికి ఇంత మిగిలేటట్టు లెక్క వేస్తే అరవై రెండు వేలు వచ్చింది. ఆమె చెప్పింది, నేను రాశాను.

పాటకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం, సబ్బు కోసం బుచ్చయ్య కొట్టుకు వెళ్లాను. కొట్లో ఆయన ఒక్కడే ఉన్నాడు.

"ఏం బిడ్డా, ఈసారి గూడ నువ్వేనా పాడేది?" అన్నాడు.

"కాదు మామా. మణెమ్మక్క పాడుతది."

"అచ్చా. నీతోటి కాలేదని ఆమెకిచ్చిన్రా?" నవ్వాడు. ఎగతాళిగా కూడా కాదు, మామూలుగానే. "సదువుకున్నదానివి నీకే రాకపాయె. ఏలిముద్ర ఏసే ఆమెకొస్తదా?"

"ఆమె మీ అందరికంటె మంచిగ నేర్సుకున్నది."

"ఎంత నేర్సుకుంటె ఏంది? ఆడోళ్లు ఆగరు బిడ్డా. పోయినసారి నువ్వు ఆగినవా?"

"ఆమె ఆగుతది," అన్నాను. తరువాత, "అరవై రెండు మీద ఒక్క రూపాయి గూడ పాడదు," అన్నాను.

ఆయన సబ్బు కాగితంలో చుట్టి ఇచ్చాడు. చిల్లర ఇచ్చాడు. నేను అడుగు బయట పెట్టాను.

ఇక్కడ కాసేపు ఆగనివ్వండి. ఎన్నో ఏళ్లు నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, నోరు జారిందని. మణెమ్మను తక్కువ చేసి మాట్లాడుతుంటే ఆమె తరఫున మాట్లాడబోయి, ఆవేశంలో అంకె బయటపడిందని. వినడానికి ఎంత బాగుందో చూడండి. అందులో నేను మంచిదాన్నే. కానీ ఆమె ఆగుతది అన్న మాటకూ ఆ అంకెకూ మధ్య ఒక సందు ఉంది. ఊపిరి తీసుకునేంత సందు. ఆ సందులో నేను ఆయన ముఖం చూశాను. ఆయన ఎదురుచూస్తున్నాడని నాకు తెలిసింది. ఏం చెప్పబోతున్నానో, చెబితే ఏమవుతుందో కూడా తెలిసింది. తెలిసే చెప్పాను.

ఎందుకు? ఆయన నాకేమీ ఇవ్వలేదు, ఇస్తానని కూడా అనలేదు. మణెమ్మ మీద కోపమా? లేదు, ఆమె నన్ను సొంత చెల్లెల్లా చూసేది. మరి ఎందుకు? మణెమ్మ గెలిస్తే పాట ఆడవాళ్లకు చేతనవుతుందని తేలుతుంది. అప్పుడు నిరుడు ఓడింది ఆడవాళ్లు కాదు, నేను. నేనొక్కదాన్నే. ఊరంతా ఆడోళ్లకు చేతకాదు అంటుంటే ఆ మాట నన్ను కాల్చేది, నిజమే. కానీ అదే మాట చాటున నేను తల దాచుకున్నాను కూడా. ఆడోళ్లు అన్న ఆ పెద్ద మాటలో నా ఒక్కదాని తెలివితక్కువతనం కలిసిపోయి కనబడకుండా ఉండేది. మణెమ్మ వచ్చి ఆ చాటును తీసేయబోతోంది. నేను తట్టుకోలేకపోయాను.

అప్పటికీ సరిదిద్దుకునే దారి ఉంది. రెండు రోజులుంది. కొట్టు నుంచి తిన్నగా మణెమ్మ ఇంటికే వెళ్లాను. గోడ బయటి నుంచే ఆమె గొంతు వినబడింది. పాట పాడటం నేర్చుకుంటోంది. మగవాళ్ల ముందు గొంతెత్తి ఎరగని మనిషి, బర్రెల కొట్టం ముందు నిలబడి "యాభై తొమ్మిది! అరవై!" అని అరుస్తోంది. గొంతు మధ్యలో చీలిపోతోంది. ఆమె యారాలు బాలమ్మ బియ్యం చెరుగుతూ, "గట్టిగ అనక్కా, బర్రెలకు గూడ ఇనబడలే" అని నవ్వుతోంది. ఇద్దరూ నవ్వుతున్నారు. లోపలికి వెళ్లి, అక్కా, అంకె బయటపడ్డది, మార్చుకో అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎలా బయటపడిందని అడుగుతుంది. ఆ ప్రశ్నకు భయపడ్డాను. రేపు చెబుదామనుకుని వెనక్కి తిరిగాను. మర్నాడు చేనుకు వెళ్లాను.

పాట రోజు మణెమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. కార్యదర్శి ముప్పై నుంచి మొదలుపెట్టాడు. ఎవరో ముప్పై ఒకటి అన్నారు. మణెమ్మ అనుకున్న ప్రకారమే నోరు విప్పలేదు. వాళ్ల వేడి తగ్గాక, తువ్వాల ఒళ్లోకి వచ్చాక మొదలుపెట్టాలి. అదీ ఆమె నేర్చుకున్నది. ముప్పై మూడు దగ్గర బుచ్చయ్య లేచి నిలబడ్డాడు.

"అరవై మూడు," అన్నాడు.

ముప్పై మూడు నుంచి అరవై మూడుకు ఎవరూ ఎగరరు. అక్కడున్న మగవాళ్లు కూడా ఆయన వైపు వింతగా చూశారు. కార్యదర్శి ఒకటోసారి అన్నాడు. సంఘంలోని ఆడవాళ్లు "పాడు మణెమ్మా, పాడు" అని వెనక నుంచి నెట్టారు. ఆమె పెదవులు కదిలాయి. గొంతు రాలేదు అని తరువాత ఊరంతా చెప్పుకుంది. అది అబద్ధం. నేను పక్కనే ఉన్నాను. ఆమె ఒట్టు వేసింది, ఆ మాట మీద నిలబడింది. ఆ గదిలో అంత నిబ్బరంగా ఉన్న మనిషి ఇంకొకరు లేరు. మూడోసారి అయిపోయాక ఆమె మెల్లగా తల తిప్పి పుస్తకం వైపు చూసింది. నా వైపు కాదు. నా చేతిలోని పుస్తకం వైపు.

"ఒక్కపాట గూడ పాడకుంట కూసున్నదిరా" అని ఎవరో నవ్వారు. మొదటి ఏడు ఆడవాళ్లు ఆగలేదు. రెండో ఏడు నోరే తెరవలేదు. ఇక ఊరికి రుజువు దొరికింది. ఉబ్బిస్తే ఉబ్బుతరు, లేదంటే బుగులు పడతరు, ఎన్నేండ్లయినా నేర్చుకోరు అన్నారు. ఏడాదంతా కష్టపడి నేర్చుకున్నదాన్ని నేర్చుకోదు అనడానికి కావాల్సిన రుజువు నేనే అందించాను.

ఆ సాయంత్రం సంఘంలో సాయమ్మ అనే ఆమె నిలదీసింది. అంకె తెలిసింది ఇద్దరికే కదా, ఆయనకు సరిగ్గా ఎలా అందింది అంది. "ఈ పిల్ల చెప్పదు. పోయినేడు అంత మాటలు పడ్డ పిల్ల మల్ల వాళ్లకే చెప్తదా? నీ మరిది ఆయన ట్రాక్టరు మీదనే ఉన్నడు గద మణెమ్మా."

అందరూ మణెమ్మ వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. చాప అంచున ఊడిన గడ్డిపోచ ఒకటి ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. "నేను చెప్పలే," అంది మణెమ్మ. ఒక్కసారే అంది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని కాసేపు చూసింది. నేను అంటానేమోనని చూసిందా? తెలియదు. తల ఎత్తలేదు కాబట్టి తెలియదు.

ఆమె మళ్లీ సంఘానికి రాలేదు. ఆ ఏడు చింతపండు పనికి కూడా రాలేదు. మేం పదకొండు మందిమి బుచ్చయ్యకు కూలికి వెళ్లి గింజలు కొట్టాం. కాయ బాగా కాసింది, అరవై మూడుకు తీసుకున్నా ఆయనకు మిగిలిందనే విన్నాను. రెండు మూడేళ్లకు మణెమ్మ కూతురి దగ్గరికి గద్వాల వెళ్లిపోయింది. తరువాత మేమూ పిల్లల చదువులకని వనపర్తి వచ్చేశాం. మా సంఘం మళ్లీ ఎప్పుడూ పాట జోలికి పోలేదు.

ఈ చలికాలంలో ఊరి నుంచి శిరీష ఫోన్ చేసింది. మా పాత సంఘంలోని ఒకామె కోడలు ఆ పిల్ల. కొత్త సంఘం వాళ్లు చింతల పాట పాడాలనుకుంటున్నారట. బుచ్చయ్య పోయాడు, ఇప్పుడు అల్లుడు పాడుతున్నాడట. "చిన్నమ్మా, మా మామ ఒద్దంటుండు. ఆడోళ్లతోటి పాట కాదు, మీ అత్తల కాలంల రెండుసార్లు అయింది అంటుండు. అప్పుడు ఏమైంది, నువ్వు ఉంటివి గద?" అంది.

నేను తరువాత చేస్తానని ఫోన్ పెట్టేశాను. మిషన్ ముందు కూర్చున్నాను కానీ కుట్టలేకపోయాను. పదిహేనేళ్లుగా అది మణెమ్మకు నేను చేసిన అన్యాయం అనే అనుకుంటూ వచ్చాను. అది ఇంకా జరుగుతూనే ఉందని, ఇప్పుడు ఈ పిల్లకు జరుగుతోందని, ఇంకా పుట్టనివాళ్లకు కూడా జరగబోతోందని ఆ రోజే అర్థమైంది.

ఊళ్లో ఒకామెను అడిగి మణెమ్మ అడ్రసు, ఫోన్ నంబరు తీసుకుని, రెండు రోజుల తరువాత గద్వాల బస్సు ఎక్కాను. కృష్ణ వంతెన దాటేటప్పుడు దిగి వెనక్కి వెళ్లిపోదామా అనిపించింది, వంతెన మీద బస్సు ఆపరు కాబట్టి ఆగిపోయాను. మణెమ్మ కూతురు నేతపని వాళ్ల వీధిలో అద్దెకు ఉంటోంది. మణెమ్మ పక్కింటి మగ్గానికి నూలు కండెలు చుట్టిపెడుతుంది. వసారాలో రాట్నం ముందు కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది.

"ఏందే చెల్లె, ఇంత దూరం వచ్చినవ్? అందరు మంచిగున్నరా?" అంది. ఆమె ముఖం నిండా సంతోషం.

కూర్చుని చెప్పాను. సబ్బు కొనడానికి వెళ్లిన దగ్గర నుంచి గోడ బయట నిలబడిన దాకా, చాప వైపు చూసిన దాకా. శిరీష ఫోన్ సంగతీ చెప్పాను. ఆ అంకె కూడా పలికాను. మధ్యలో రాట్నం ఆగింది.

"నువ్వా?" అంది.

"నేనే అక్కా."

తరువాత నాతో కాకుండా, వీధితో మాట్లాడుతున్నట్టు అంది: "నేను బాలమ్మ అనుకుంటి. ఇంట్ల ఒర్రుకుంట నేర్సుకుంటి గద, ఆమె ఇన్నది. ఆమె మొగడు ఆయన ట్రాక్టరు మీద ఉండె. ఇంకెవరు చెప్తరు అనుకున్న. మల్ల ఆమెతోటి మాట్లాడలే. ఎన్నిసార్లు పిలిచినా మాట్లాడలే. పోయిన ఎండకాలం దవాఖానల పడి సచ్చిపోయింది. అక్కను ఒకసారి పిలువున్రి అన్నదంట. నేను పోలే."

ఇది నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. నేను చేసిన దానికి ఒక హద్దు ఉందని, అది నాకు తెలుసని అనుకుంటూ వచ్చాను. బియ్యం చెరుగుతూ నవ్విన ఆ మనిషి ముఖం గుర్తు తెచ్చుకోబోయాను. ముఖం రాలేదు, నవ్వు ఒక్కటే వచ్చింది.

"ఎందుకు చెప్పినవే?" అంది మణెమ్మ.

"నేనొక్కదాన్నే చేతకానిదాన్ని కావొద్దని అక్కా. నువ్వు గెలిస్తె తప్పంత నాదే అయితుండె."

ఆమె ఆ మాటను లోపల తిప్పి తిప్పి చూసుకున్నట్టు కూర్చుంది. కోపం కనబడలేదు. కోపమైతే భరించగలిగేదాన్నేమో.

"నన్ను ఏమన్న అను," అన్నాను.

"ఏమనాలె? బాలమ్మ లేదు గద." రాట్నం మళ్లీ తిప్పింది. దారం తెగితే ముడి వేసింది. "ఆ పిల్లలకు చెప్పినవా?"

"లేదు."

"మరి ముందుగాల నాకాడికి ఎందుకొచ్చినవ్? పాడేది వాళ్లు గద. పో, వాళ్లకు చెప్పు."

మంచినీళ్లు కావాలా అని అడగలేదు. నేను లేచినప్పుడు తల ఎత్తకుండానే, బస్సు నాలుగింటికి ఉంటుందని చెప్పింది.

ఆ ఆదివారం మా ఊరికి వెళ్లాను. శిరీష పధ్నాలుగు మందిని పిలిచింది. పాతవాళ్లలో సాయమ్మ ఒక్కతే వచ్చింది. నేను నిలబడి చెప్పాను. మొదటి ఏడు ఓడింది నా మొండితనం వల్ల అని చెప్పాను. రెండో ఏడు మణెమ్మ ఓడలేదు, నేను అమ్మేశాను, అది కూడా ఏమీ తీసుకోకుండా అమ్మేశాను అని చెప్పాను. మీ మామ చెప్పే రెండుసార్లలో ఆడవాళ్లు ఎక్కడా లేరు, రెండుసార్లూ నేనే ఉన్నాను అని చెప్పాను. చెబుతున్నప్పుడు నా గొంతు నాకే వింతగా వినబడింది. అది వణకలేదు.

సాయమ్మ లేచింది. "మణెమ్మను ఎన్ని మాటలంటినే నేను," అంది. నా వైపు చూడకుండా వెళ్లిపోయింది. మిగతావాళ్లలో ఎవరూ కదల్లేదు. పోనీలే అని ఎవరూ అనలేదు, అంటారని నేనూ అనుకోలేదు. కాసేపటికి శిరీష ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"చిన్నమ్మా, మణెమ్మ పెద్దమ్మ నంబరుందా?" అంది.

ఒక్కో అంకే చెప్పాను. ఆ పిల్ల కొట్టుకుని, తప్పులేకుండా ఉందో లేదో నాకు తిరిగి చదివి వినిపించింది. ఎత్తుతుందో లేదో నాకు తెలియదని చెప్పాను. సరేనని, తక్కినవాళ్లను దగ్గరికి జరగమని, నా ముందే డయల్ చేసింది. అక్కడ ఉండే హక్కు నాకు లేదనిపించింది. చెప్పులు వేసుకుని బయటికి వచ్చాను.

రోడ్డు మీద బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను. ఫోన్ మణెమ్మ ఎత్తిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. బాలమ్మకు చెప్పగలిగే దారి ఇక లేదు. నేను చేసింది చేసినట్టే ఉంది, ఒక్క పిసరు తగ్గలేదు. దాచడం మాత్రం ముగిసింది. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాను. కండక్టరు వచ్చి లేపేదాకా మెలకువ రాలేదు.